నొప్పి లేని కేకలు

ఆదికేశవులుకు కిరసనాయిలు స్టవ్వు మీద అసూయ పుట్టింది.

కట్టుకున్న పెళ్ళాం తనతో మాట్లాడడం మానేసి స్టవ్వుతో మాట్లాడుతూ ఉంటే ఏ మగవాడికైనా అలాగే ఉంటుంది. పొద్దున కాఫీ మొదలుకొని రాత్రి లైటు ఆర్పేదాకా వనజాక్షి చెప్పదలుచుకున్నదంతా దానికే చెప్పేది. పంపు కొడితే బుస్సుమనే ఇత్తడి స్టవ్వు అది. అంతకు మించి బదులు చెప్పింది లేదు. అయినా తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో దానికున్న మర్యాద ఆదికేశవులుకు లేదు.

"ఒసే స్టవ్వూ," అనేది వనజాక్షి, మొగుడి వైపు వీపు పెట్టి. "కిరసనాయిలు అడుగంటింది. క్యూలో నిలబడే మగోళ్ళు ఈ వీధిలో ఎవురూ లేరేమో."

"సాయంత్రం తెస్తానని చెప్పు స్టవ్వూ," అనేవాడు ఆదికేశవులు.

"మొన్న కూడా సాయంత్రమే అనినారు కదా స్టవ్వూ."

"మొన్న రైలు లేటని చెప్పు."

"ఆ రైలుకి నోరుంటే ఎప్పుడో ఏడ్చేది. ఈయప్ప పాపాలన్నీ దాని నెత్తినే."

అసలు తప్పంతా ఆదికేశవులు నోటిది. అంబత్తూరు ఎస్టేట్‌లో బోల్టులు చేసే ఫ్యాక్టరీలో అతను స్టోర్‌కీపరు. రోజూ తిరువళ్ళూరులో రైలెక్కి పోయేవాడు. అతను ఎక్కిన పెట్టెలో నిలబడడానికి చోటు లేకపోయినా జనం అందులోనే దూరేవారు, దారంతా నవ్వుకోవచ్చని. చావింటికి పోయినా ఒక ఎకసక్కెం విసరనిదే తిరిగి రాలేడు.

ఆ వేసవికి ముందు అతనికి టైఫాయిడ్ వచ్చింది. మనిషి మంచానికి అంటుకుపోయాడు. ఒక దశలో డాక్టర్లు కూడా మొహం తిప్పుకున్నారు. వనజాక్షి మొగుడికి చెప్పకుండా తిరుత్తణి సామికి మొక్కుకుంది. జ్వరం దిగాక, "సామిని చూసి వస్తా మామా," అని రైలెక్కింది.

సాయంత్రం తిరిగొచ్చింది. నడుము దాటి కిందికి వేలాడే జడ ఆమెది. ఆ జడ సామికి ఇచ్చేసి, నున్నటి తలకు గంధం పూసుకుని, కొంగు కప్పుకుని గుమ్మంలో నిలబడింది. ఇంటినిండా ఆదికేశవులును పలకరించడానికి వచ్చిన ఫ్యాక్టరీ స్నేహితులు ఉన్నారు.

ఆదికేశవులు మంచం మీద లేచి కూర్చుని రెండు చేతులూ జోడించాడు.

"దండాలు సామీ. తమరిది ఏ మఠం?"

ఇల్లు గొల్లుమంది. వనజాక్షి ఆ నవ్వులు ఆగేదాకా గుమ్మంలోనే నిలబడింది. తరువాత అందరూ వినేటట్టు చెప్పింది.

"ఈ తలలో మళ్ళీ పువ్వు నిలిచిన దినం నీతో మాట్లాడతా మామా. అందాకా నా నోట్లోనుంచి నీకు మాట రాదు."

ఆదికేశవులు విన్న చివరి మామా అదే.

మొక్కు తన ప్రాణం కోసమేనని పక్కింటి కస్తూరమ్మ చెప్పేదాకా అతనికి తెలియదు. తెలిశాక గోడ వైపు తిరిగి ఏడ్చాడు. క్షమించమని అడగడానికి వంటింట్లోకి పోయి, నోరు తెరిచి, "బాధపడబాక వనజా, కోసిన గడ్డి మొలవడం లేదా," అన్నాడు. అది ఆ నోటి జబ్బు. వనజాక్షి స్టవ్వుకు గట్టిగా పంపు కొట్టింది.

వాళ్ళకు పిల్లలు లేరు. వనజాక్షి అతని సొంత అక్క కూతురు. మాటలు నేర్చిన నాటినుంచి ఆమె అతన్ని పిలిచిన పిలుపు ఒక్కటే. ఆ పిలుపు ఆగిపోయాక, తన పేరు ఎవరో ఎత్తుకుపోయినట్టు అనిపించేది ఆదికేశవులుకు. రైల్లో నవ్వించేవాడు. ఇంటి వీధి మలుపు తిరగ్గానే కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచేవాడు. ఒక్కసారి మామా అంటే చాలు, స్టవ్వును కూడా క్షమించేసేవాడు.

వర్షాలు మొదలయ్యాక ఫ్యాక్టరీలో ఒకతని చెయ్యి మిషన్‌లో నలిగింది. పరామర్శకు పోయిన ఆదికేశవులుకు అక్కడ ఒక దృశ్యం కనబడింది. కట్టు కట్టిన మొగుడికి పెళ్ళాం ముద్దలు కలిపి పెడుతోంది. "నోరు తెరువు. ఇంకొక్కటి. ఇది పప్పన్నం. చాలా, వేసేదా," అంటూ ఆపకుండా మాట్లాడుతోంది.

ఎడమచేత్తో అన్నం ముట్టుకునేవాళ్ళు వాళ్ళ ఇళ్ళల్లో లేరు. చెంచా అన్నది మందు తాగడానికే. కుడిచెయ్యి పడిపోతే పెళ్ళాం పెట్టాలి, పెడితే మాట్లాడాలి. మీసాలున్న మనిషికి ముద్దలు పెడుతూ ఒక్క మాటైనా అనకుండా ఉండగలిగే ఆడది చెంగల్పట్టు జిల్లాలో ఇంకా పుట్టలేదని ఆదికేశవులు తీర్మానించుకున్నాడు.

అతని కుడి మణికట్టు మీద చింతగింజంత గడ్డ ఒకటి ఉంది. మూడేళ్ళుగా ఎవరి జోలికీ పోకుండా పడి ఉంది. మరుసటి సాయంత్రమే దాన్ని తీసుకుని తిరువళ్ళూరు బజారు వీధి వెనక నర్సింగ్‌హోమ్ నడిపే డాక్టర్ గోపాలన్ దగ్గరికి పోయాడు.

"నొప్పి ఉందా?" అన్నాడు డాక్టరు.

"లేదు సార్."

"పనికి అడ్డమా?"

"లేదు సార్."

"మరి ఎందుకు వచ్చినావయ్యా?"

"కోసేయండి సార్."

డాక్టరు గడ్డను వేలితో నొక్కి చూశాడు. "ఇది ఊరికే నీటిబుడ్డ. దాని మానాన దాన్ని వదిలెయ్. ముందు కాలంలో లావు పుస్తకంతో ఒకటి వేసేవాళ్ళు, అణిగిపోయేది."

"పుస్తకం వద్దు సార్. నాకు కట్టు కావల్ల. పెద్ద కట్టు. వేళ్ళు కూడా కనపడగూడదు."

డాక్టరు కళ్ళజోడు తీశాడు. "ఇన్సూరెన్సా?"

"సంసారం సార్."

డాక్టర్ గోపాలన్‌కు కూడా సంసారం ఉంది. మళ్ళీ ఏమీ అడగలేదు. గురువారం పొద్దున పరగడుపున రమ్మన్నాడు. చేతికి మాత్రమే మత్తు ఇస్తామనీ, మనిషి మేలుకునే ఉంటాడనీ చెప్పాడు.

మనిషి మేలుకునే ఉంటాడన్న మాట ఆదికేశవులుకు భలే నచ్చింది. మేలుకునే ఉంటే మూలగవచ్చు.

ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"స్టవ్వూ, గురువారం నా చేతికి ఆపరేషన్ అని చెప్పు."

రసం కలుపుతున్న గరిటె ఆగింది. "ఆ చింతగింజకి ఆపరేషన్ ఏందంట స్టవ్వూ?"

నిజం చెప్పడానికి అదే సమయం. ఆదికేశవులు దాన్ని దాటేశాడు.

"బయటికే చింతగింజ. లోపల వేర్లు పారిపోయినాయంట. ప్రాణానికేమీ భయం లేదన్నారు. చెయ్యి సంగతే ఏమీ చెప్పలేమన్నారు."

వనజాక్షి ఇటు తిరగలేదు. రసం పొంగి స్టవ్వు మీద పడింది. ఆమె చూడలేదు. స్టవ్వు ఆరిపోయింది. అదీ చూడలేదు. ఆదికేశవులుకు లోపల పండగ్గా ఉంది. సగం పని అయిపోయినట్టే.

గురువారం ఇద్దరూ బస్సులో పోయారు. వనజాక్షి వైరుబుట్టలో ఫ్లాస్కు, తువ్వాలు పెట్టుకుని, తలమీది కొంగు జారకుండా పట్టుకుని కూర్చుంది. నర్సింగ్‌హోమ్ వరండాలో ఆపరేషన్ గది కిటికీ కింద ఒక బెంచీ ఉంది. ఆమె దాని మీద కూర్చోవడం చూసుకుని ఆదికేశవులు లోపలికి పోయాడు.

"సార్, ఆ కిటికీ తీసి పెడతారా? నాకు గాలాడదు."

కిటికీ తీశారు. అతన్ని బల్ల మీద పడుకోబెట్టి, కుడిచేతిని పక్కకు చాపించి, మొహానికీ చేతికీ మధ్య ఆకుపచ్చ గుడ్డ ఒకటి తెరలా కట్టారు. కాంపౌండర్ ఆరోగ్యస్వామి దగ్గుతూ వచ్చాడు. ఆయన పేరులో ఉన్న ఆరోగ్యం ఒంట్లోకి ఎప్పుడూ దిగినట్టు లేదు.

మొదటి సూది చురుక్కుమంది. కాసేపటికి చెయ్యి చల్లబడి, బరువెక్కి, తరువాత లేకుండా పోయింది.

"సూదితో పొడిచి చూస్తాను," అన్నాడు తెర అవతలినుంచి డాక్టరు.

"పొడవండి సార్."

"పొడిచేసినానయ్యా."

ఆదికేశవులుకు ఇది నచ్చలేదు. కాస్తయినా నొప్పి లేకపోతే ఎలా? బయట పెళ్ళాం చెవి ఒగ్గి కూర్చుని ఉంటే లోపల కత్తి వెన్నలో దిగినట్టు దిగుతోంది. ఇక చేసేది లేక ఉత్తి పుణ్యానికే నోరు తెరిచాడు.

"అబ్బా... చచ్చినానే వనజా..."

కత్తి ఆగింది. "నొప్పా?"

లేదంటే కేక ఎందుకో చెప్పాలి. చెబితే కిటికీ అవతల వినబడుతుంది. "ఉంది సార్," అన్నాడు ఆదికేశవులు.

"ఆరోగ్యస్వామీ, ఇంకొక డోసు తీసుకురా."

రెండో సూది మణికట్టు పైన దిగింది. ఈ నొప్పి అబద్ధం కాదు. కేక కూడా నిజమైనదే వచ్చింది. నిజమైన కేక కాబట్టి డాక్టరుకు ఇంకా అనుమానం వచ్చింది. మూడో సూది మోచేతి దగ్గర. అంతకంటే పెద్ద కేక.

"ఏమయ్యా, తాగుతావా?" అన్నాడు డాక్టరు ఉన్నట్టుండి.

"లేదు సార్."

"రోజూ తాగేవాళ్ళకే ఇట్ల మత్తు ఎక్కదు. తాగడానికి సర్కారు పర్మిట్ ఉందా, లేక దొంగసారాయా?"

"సార్, నేను కాఫీ కూడా పలచగా తాగతాను సార్."

"యాడ దొరుకుతుంది?" అన్నాడు ఆరోగ్యస్వామి మెల్లిగా, చెవి దగ్గరికి వంగి. ఆయన అడిగింది ఆసుపత్రి తరఫున కాదు.

ఆదికేశవులు కళ్ళు కిటికీ మీదికి పోయాయి. గట్టిగా కాదంటే వనజాక్షికి ఆ మాట వినబడుతుంది, ఊరుకుంటే అవునని అర్థం. ఏం చెయ్యాలో తోచక మూలిగాడు. మూలుగు విన్న డాక్టరు విసిగిపోయి చెయ్యి పైకెత్తించి నాలుగో సూదిని చంకలో దించాడు.

దాంతో భుజం నుంచి వేళ్ళదాకా మొత్తం పోయింది. తరువాత అంతా నిశ్శబ్దంగా జరిగింది. గడ్డ తీశారు, కుట్లు వేశారు, అడిగినంత పెద్ద కట్టూ కట్టారు. బొంగరాల సంచీలా ఉన్న చేతిని మెడకు వేలాడదీసుకుని, మొహం వీలైనంత దీనంగా పెట్టుకుని, ఆదికేశవులు వరండాలోకి వచ్చాడు.

బెంచీ మీద వైరుబుట్ట ఒక్కటే ఉంది.

"అమ్మ అప్పుడే పోయిందే," అన్నాడు ఆరోగ్యస్వామి. "మీ మొదటి కేకకే లేచి నిలబడింది. రెండో డోసు కోసం బయటి బీరువా దగ్గరికి వచ్చినాను కదా, నన్ను పట్టుకుంది. చెయ్యి నిలుస్తుందా అని అడిగింది."

"నువ్వేం చెప్పినావు?"

"అంతా దేవుడి చేతిలో ఉంది అని చెప్పినాను. మేము ఎవరడిగినా అదే చెప్తాము. చెప్పిందే తడవు, బుట్ట కూడా తీసుకోకుండా పోయింది."

అంటే ఆ తరువాతి కేకలన్నీ బెంచీకే.

బస్సులో ఆదికేశవులు ఎడమచేత్తో బుట్ట పట్టుకుని కూర్చున్నాడు. గతుకులో కుడిచెయ్యి మెడకు వేలాడదీసిన గుడ్డలోనుంచి జారి పక్కనున్న ముసలమ్మ ఒళ్ళో దబ్బున పడింది.

"ఎవురిది ఈ చెయ్యి?" అని అరిచింది ముసలమ్మ.

"నాదేనమ్మా. అట్లనే అనుకుంటా ఉండా."

బస్సు నవ్వింది. ఆదికేశవులుకు మొదటిసారి నవ్వు రాలేదు. ఆ చేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎవరిదో చచ్చిన చెయ్యిలా ఉంది. గిల్లాడు. తెలియలేదు. భుజం దగ్గర గిల్లాడు. అక్కడా తెలియలేదు. మధ్యాహ్నానికి తెలివి వస్తుందని డాక్టరు చెప్పాడు. రాకపోతే? చెయ్యి సంగతి చెప్పలేమన్నారని స్టవ్వుతో తను కూసిన కూత గుర్తొచ్చి ఇంకా గట్టిగా గిల్లుకున్నాడు.

ఇంటికి తాళం వేసి ఉంది. కస్తూరమ్మ తాళంచెవి తెచ్చి ఇచ్చి, కంచంలో అన్నం కూడా తెచ్చి ముందర పెట్టింది. ఆదికేశవులు అన్నం వైపు చూశాడు. కస్తూరమ్మ అతని కట్టు వైపు చూసింది. పరాయి మగవాడికి ముద్ద పెట్టే వీలు ఆమెకు లేదు, ఎడమ చెయ్యి కంచంలో పెట్టే వీలు అతనికి లేదు. ఇద్దరూ అన్నం చల్లారడం చూశారు.

"వనజ యాడికి పోయింది కస్తూరమ్మా?"

"యాడికేందన్నా. తిరుత్తణికే. డబ్బు తీసుకొని తాళం ఇచ్చి రైలుకి పరుగెత్తింది. నీ చెయ్యి నిలిస్తే మళ్ళీ తల ఇస్తానని మొక్కుకొనిందంట. నిలిచినాక పోవచ్చు కదక్కా అంటే, ఇచ్చేస్తే సామి నిలపకుండా ఎట్ల ఉంటాడు అనింది."

"తలలో ఏముండాది ఇయ్యడానికి?"

కస్తూరమ్మ అతన్ని జాలిగా చూసింది. "నువ్వు ఆ కొంగు కింద ఎప్పుడు చూసినావన్నా? చెవుల దాకా వచ్చింది. నిన్న సాయంత్రం నేనే క్లిప్పులు పెట్టి కనకాంబరాలు పెట్టి చూసినా. నిలిచినాయి. రేపు శుక్రవారం తలకి పోసుకొని, పువ్వు పెట్టుకొని, నిన్ను పిలవాలని ఉన్నింది."

ఆదికేశవులు లేచాడు. చచ్చిన చేతిని బతికిన చేత్తో ఎత్తి పట్టుకుని స్టేషన్‌కు పరుగెత్తాడు. తిరుత్తణికి దారైన అరక్కోణం వైపు పోయే బండి తోక కనబడింది. ఆ తరువాతది సాయంత్రానికి గాని లేదు. ఇప్పుడు ఏ బండి ఎక్కినా మంగలి కత్తి కంటే ముందు చేరలేడు. ప్లాట్‌ఫాం చివర సిమెంటు బల్ల మీద కూలబడ్డాడు.

ఒక్క రోజు. నోరు మూసుకుని ఒక్క రోజు ఊరుకుని ఉంటే చాలు.

ఎండ వాలేసరికి వేళ్ళల్లో చీమలు పాకాయి. బతికి ఉందని సంతోషించేలోపే చీమలు తేళ్ళయ్యాయి. నాలుగు సూదులూ, కత్తీ, కుట్లూ అన్నీ ఒక్కసారి బాకీ తీర్చుకున్నాయి. నిజంగా కేక పెట్టాల్సిన నొప్పి ఇది. వినాల్సిన మనిషి తిరుత్తణిలో ఉంది. ఆదికేశవులు తువ్వాలు నోట్లో కుక్కుకుని కళ్ళు మూసుకున్నాడు.

చీకటి పడే వేళకు బండి వచ్చింది. తిరుత్తణి నుంచి వచ్చే జనం కదా, పెట్టె పెట్టెకీ గుండ్లు దిగాయి. గంధం పూసిన తలలు, కొంగు కప్పిన తలలు, పెద్దవీ చిన్నవీ. ఆ మసక వెలుగులో అతనికి పెళ్ళాం తల ఏదో తెలియలేదు. ఒక్కొక్క తలనూ వెతుక్కుంటూ పోయాడు. చివరికి గుంపులోనుంచి ఒక తల అతని వైపే వచ్చి ఆగింది. కొంగు జారింది. పుట్టిన బిడ్డ తలలా ఉంది.

ఆదికేశవులు నోట్లోకి ఒక హాస్యం వచ్చింది. చాలా మంచి హాస్యం. నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. గుటక వేసి మింగేశాడు.

వనజాక్షి అతని మొహం చూడలేదు. కట్టు చూసింది. వేళ్ళు కనబడలేదు. రెండు చేతులతో కట్టును పట్టుకుని పైనుంచే తడిమింది. బొటనవేలు, చూపుడువేలు, ఒక్కొక్కటే వెతికి చిటికెనవేలు దాకా పోయింది. అన్నీ ఉన్నాయి. నొప్పికి ఆదికేశవులు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఆమె పెదవులు కదిలాయి.

"మా..."

అంతే. పెదవులు మూసేసుకుంది. గంధం ఆరిన తల మీదికి కొంగు లాక్కుని ముందు నడిచింది.

ఇంట్లో స్టవ్వు వెలిగింది. అన్నం ఉడికింది. వనజాక్షి కంచం పెట్టుకుని అతని ఎదురుగా కూర్చుని ముద్ద కలిపి నోటికి అందించింది. ఆదికేశవులు పన్నిన పథకం అక్షరాలా జరుగుతోంది. ముద్ద తరువాత ముద్ద వస్తోంది. మాటే రావడం లేదు. చెంగల్పట్టు జిల్లాలో అలాంటి ఆడది పుట్టే ఉంది, అతని అక్కకే పుట్టింది.

కొంగు అంచు కింద నున్నటి కణత మీద కత్తి గీరిన ఎర్రటి గీత ఒకటి కనబడింది. ఇక అతను తట్టుకోలేకపోయాడు.

"స్టవ్వూ," అన్నాడు తల దించుకుని. "నిజం చెప్పేస్తా. ఆ గడ్డలో ఏమీ లేదు. చెయ్యికి ఏ భయమూ లేదు. ఆ పొద్దు నొప్పి కూడా లేదు. ఊరికే అరిచినా. ఒక్కసారి మామా అంటుందని."

నోటి దగ్గరికి వచ్చిన ముద్ద గాలిలో ఆగింది.

వనజాక్షి దాన్ని మళ్ళీ కంచంలోకి దించింది. ఊరగాయ జాడీ దగ్గరికి లాక్కుని, కారంలో ఊరి ఉబ్బిన పచ్చిమిరపకాయలు రెండు ఎంచి తీసింది. వాటిని ముద్ద మధ్యలో పెట్టి, చుట్టూ అన్నం మూసి, చక్కగా గుండ్రంగా చేసింది. ఆదికేశవులు అంతా చూశాడు. చూసి కూడా నోరు తెరిచాడు.

వనజాక్షి ముద్ద నోట్లో పెట్టి, స్టవ్వు వైపు తిరిగింది.

"ఒసే స్టవ్వూ, ఇప్పుడు అరవమను."

ఆదికేశవులు నమిలాడు. చెవుల్లోనుంచి ఆవిరి పోతున్నట్టుంది, ముక్కూ కళ్ళూ కారిపోతున్నాయి. చప్పుడు చెయ్యకుండా మింగి, ఇంకో ముద్దకు నోరు తెరిచాడు.